బోరు నీళ్లలో బట్టలు ఉతికే పద్ధతి: ముందు సోడా, తర్వాతే సబ్బుపొడి

మహారాష్ట్రలోని చంద్రపూర్, రాజురా, బల్లార్‌పూర్ వైపు మన ఇళ్లలో బట్టలకు పట్టే మురికి ముఖ్యంగా మూడు రకాలు: గనుల బొగ్గు మసి, చేలల్లోని నల్లరేగడి, వంటింటి పసుపూ నూనే. వీటికి తోడు కంటికి కనపడనిది ఇంకొకటి ఉంది. అది బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. పొడి ఎంత వేసినా నురగ నిలవకపోవడం, కొత్త తెల్లచొక్కా కొద్ది నెలలకే బూడిదరంగుకు తిరగడం, తువ్వాలు ఆరాక బిరుసెక్కడం చాలా ఇళ్లలో ఈ నీటివల్లే జరుగుతుంటాయి. పొడి కంపెనీ మార్చినా, రెండు చెంచాలు ఎక్కువ వేసినా పెద్దగా లాభం ఉండదు. ముందు నీటిని సరిచేసుకోవాలి. ఆ పద్ధతే కింద ఇస్తున్నాం. సిరోంచ వైపైనా, ధర్మాబాద్, కిన్వట్ వైపైనా బోరు నీరే ఆధారమైన ఇళ్లన్నిటికీ ఇది పనికొస్తుంది.

సబ్బు ఏం చేస్తుంది, నీరు దాన్ని ఎలా చెడగొడుతుంది

సబ్బు అణువు అగ్గిపుల్ల ఆకారంలో ఉంటుంది. తలకు నీళ్లంటే ఇష్టం, పుల్లకు నూనె అంటే ఇష్టం. బట్టమీది జిడ్డులోకి పుల్లలు గుచ్చుకుంటాయి, తలలు నీటివైపు తిరిగి ఉంటాయి. చేత్తో పిసికినప్పుడు ఆ జిడ్డు చిన్న చిన్న ఉండలుగా విడిపోయి, చుట్టూ తలల కవచంతో నీటిలోకి వచ్చేస్తుంది. ఇలా అణువులు గుంపుకట్టిన ఉండలనే మిసెల్స్ అంటారు. సబ్బు చేసే రెండో పని నీటి తలతన్యతను, అంటే పైపొర బిగుతును తగ్గించడం. మామూలు నీరు నూలు పోగుల మధ్యకు సులువుగా దిగదు. సబ్బు కలిస్తే దిగుతుంది.

ఒక మోతాదు దాటాక ఇంకా పొడి వేసినా తలతన్యత ఇక తగ్గదు. ఎక్కువైన పొడి బట్టలోనే మిగిలి, జాడించడానికి మరో రెండు బకెట్ల నీళ్లు అడుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఆ రెండు బకెట్లు తక్కువ సంగతేమీ కాదు.

ఇక గట్టినీటి సంగతి, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా కరిగిన నీటి సంగతి. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. దానికి కాల్షియం తగలగానే సోడియం స్థానంలో కాల్షియం చేరి, నీటిలో కరగని తెల్లటి తెట్టు అవుతుంది. బకెట్ అంచున జిగటగా అంటుకునేది, బట్టల మడతల్లో మిగిలిపోయి కాలక్రమాన బూడిదరంగు తెచ్చేది ఆ తెట్టే. నీటిలోని కాల్షియం అంతా ఇలా తీరిపోయేదాకా నురగ రాదు, మురికీ వదలదు.

దీనివల్ల ఎంత సబ్బు పోతుందో లెక్క కట్టొచ్చు. లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం (గట్టితనం, కాల్షియం కార్బొనేట్ లెక్కలో) ఉన్న నీళ్లు 20 లీటర్ల బకెట్‌లో ఉంటే, ఉతుకు మొదలవకముందే దాదాపు 36 గ్రాముల అసలు సబ్బు తెట్టుగా మారిపోతుంది. కఠినత్వం 600 అయితే 70 గ్రాములు దాటుతుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కఠినత్వానికి 200 వరకు మంచిదని, వేరే నీరు దొరకని చోట 600 వరకు పర్వాలేదని చెబుతుంది. అంటే తాగడానికి ఇబ్బంది లేని నీరు కూడా ఉతుకుకు చాలా నష్టం తేవచ్చు.

డిటర్జెంట్ పొడిలో ఉండేది సబ్బు కాదు. మన పొడుల్లో ఎక్కువగా వాడేది లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్. దాని కాల్షియం లవణం సబ్బు తెట్టంత మొండిది కాదు కాబట్టి గట్టినీటిని కొంత తట్టుకుంటుంది. కొంతే. కఠినత్వం మరీ ఎక్కువైతే అది కూడా విరిగిపోయి పనికిరాకుండా పోతుంది.

1. మీ నీటిని తెలుసుకోండి

ఒకే ఊళ్లో రెండు బోర్ల నీళ్లు వేరువేరుగా ఉంటాయి. పక్కింటి లెక్క మీకు పనికిరాదు. జల్ జీవన్ మిషన్ కింద గ్రామ పంచాయతీలకు ఇచ్చే నీటి పరీక్ష కిట్‌లో కఠినత్వం పరీక్ష కూడా ఉంటుంది, పంచాయతీలో అడగండి. టీడీఎస్ మీటర్ మీద మాత్రం ఆధారపడకండి. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది. మామూలు ఉప్పు ఎక్కువున్న నీటిలోనూ అంకె పెద్దగానే వస్తుంది, కానీ సబ్బును విరగ్గొట్టేది కాల్షియం, మెగ్నీషియం మాత్రమే.

కిట్ దొరక్కపోతే ఇంట్లోనే చూడొచ్చు. బట్టల సబ్బు 5 గ్రాములు తురిమి, 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని వాన నీటిలోగాని, ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లోగాని కరిగించండి. డిటర్జెంట్ బార్ కాకుండా నిజమైన సబ్బే కావాలి. అట్టమీద టీఎఫ్ఎమ్ (మొత్తం కొవ్వు పదార్థం) శాతం రాసి ఉంటే అది సబ్బు. రెండు ఖాళీ సీసాల్లో ఒకదాంట్లో 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో అంతే బోరు నీరు పోయండి. సబ్బు నీళ్లు 5 మిల్లీలీటర్ల చెంచాతో ఒక్కొక్కటే వేస్తూ, మూత బిగించి పదిసార్లు ఊపి, పక్కన పెట్టి చూడండి. నురగ ఒక నిమిషం నిలిచిందంటే అక్కడ ఆపండి. డిస్టిల్డ్ వాటర్‌కు ఒక చెంచా లోపే సరిపోతుంది. బోరు నీటికి అదనంగా పట్టిన ప్రతి చెంచాకు లీటరుకు 100 నుంచి 150 మిల్లీగ్రాముల కఠినత్వం అని స్థూలంగా అనుకోవచ్చు. సోడా మోతాదు తేల్చుకోవడానికి ఇది చాలు.

2. నీటికి సోడా పట్టించండి

కావలసింది వాషింగ్ సోడా, అంటే సోడియం కార్బొనేట్. కిరాణా కొట్లో మరాఠీలో ‘ధుణ్యాచా సోడా’ అని అడగండి. ‘ఖాణ్యాచా సోడా’ అంటే బజ్జీల పిండిలో వేసే తినే సోడా, అది ఈ పనికి రాదు. పటిక కూడా రాదు. పటిక నీటిలోని మట్టిని అడుక్కు దింపుతుంది గాని కరిగి ఉన్న కాల్షియాన్ని ముట్టుకోదు.

వాషింగ్ సోడా నీటిలో పడితే కాల్షియం దానితో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే మెత్తటి సున్నపురాయి పొడిగా మారి కిందికి దిగిపోతుంది. నీటిలో ఎన్ని గ్రాముల కఠినత్వం ఉందో ఇంచుమించు అన్ని గ్రాముల పొడి సోడా పడుతుంది. 20 లీటర్ల బకెట్‌కు కఠినత్వం 200 అయితే 5 గ్రాములు, 300కు 7, 400కు 9, 600కు 13. ఇది తెల్లగా పిండిలా ఉండే సోడాకు లెక్క. అద్దంలా మెరిసే పలుకుల సోడా అయితే అందులో సగానికి పైగా నీరే ఉంటుంది కాబట్టి దాదాపు 2.7 రెట్లు వేయాలి. చెంచా కొలత ఒక్కో రకానికి ఒక్కోలా వస్తుంది. కొట్లోనే ఒకసారి 10 గ్రాములు తూయించి, అది మీ చెంచాకు ఎంతవుతుందో గుర్తుపెట్టుకోండి.

సోడాను ముందు ఒక మగ్గు వేడినీళ్లలో పూర్తిగా కరిగించండి. బకెట్‌లో పోసి కర్రతో ఒక నిమిషం కలపండి. నీరు పాలవిరుగుడు రంగుకు తిరుగుతుంది. అరగంట కదపకుండా వదిలేస్తే తెల్లటి పొడి అడుక్కు దిగుతుంది. చల్లటి నీటిలో ఇంకాస్త సేపు పడుతుంది. వీలుంటే రాత్రే డ్రమ్ములో కలిపి ఉంచి, తెల్లవారాక పైనీళ్లు మాత్రం ముంచుకోండి, అడుగున నాలుగు వేళ్ల మందం వదిలేయండి. మెగ్నీషియం ఈ పద్ధతిలో పూర్తిగా దిగదు. మిగిలిన ఆ కొద్దిపాటిని డిటర్జెంట్ తట్టుకుంటుంది.

బట్టలు వేశాక సోడా కలపకండి. చాలామంది చేసేది అదే. పొడి, సోడా, బట్టలు ఒకేసారి బకెట్‌లో పడితే దిగాల్సిన సున్నపుపొడి పోగుల మధ్యే దిగుతుంది. ఉతికిన బట్ట బిరుసుగా, కాస్త గరగరలాడుతూ ఉంటే కారణం ఇదే కావచ్చు. చవక పొడుల్లో సోడా ముందే ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది, అయితే అది పని పూర్తిచేయకముందే డిటర్జెంట్ కాల్షియానికి చిక్కుతుంది. వరసే ముఖ్యం: నీరు, సోడా, అరగంట, పొడి, ఆ తర్వాత బట్టలు.

నీటిని మరిగించినా కొంత గట్టితనం పోతుంది, కానీ బైకార్బొనేట్ రూపంలో ఉన్నదే పోతుంది. సల్ఫేటు, క్లోరైడు రూపంలో ఉన్నది పోదు. గ్యాస్ ఖర్చుకు తగిన ఫలం కాదు. వాన నీరు మాత్రం ఏ సోడా అక్కర్లేకుండా మెత్తగా ఉంటుంది. శ్రావణంలో రేకుల చూరు కింద డ్రమ్ము పెట్టుకోగలిగితే తెల్లబట్టలకు ఆ నీరే వాడండి.

సోడా నీళ్లు చేతుల తేమ లాగేస్తాయి. ఎక్కువసేపు ముంచాల్సి వస్తే రబ్బరు తొడుగులు వేసుకోండి. సోడా డ్రమ్ము పశువుల తొట్టి పక్కన పెట్టొద్దు.

3. పొడి, నానబెట్టడం

సోడా పట్టిన నీటికి 10 లీటర్లకు 20 నుంచి 25 గ్రాముల పొడి చాలు. బొగ్గు పనిబట్టలకైతే 40 దాకా వెళ్లొచ్చు. పొడి పూర్తిగా కరిగాకే బట్టలు వేయాలి, లేకపోతే గడ్డలు మడతల్లో ఇరుక్కుని రంగు బట్టలమీద తెల్లమచ్చలు పడతాయి. నురగ గుట్టలుగా రావాలని చూడకండి. మురికి తీసే శక్తికీ నురగ ఎత్తుకీ సంబంధం తక్కువ. ఉతుకు చివరన నీటిమీద పలచటి నురగ నిలిచి ఉందంటే డిటర్జెంట్ ఇంకా మిగిలే ఉందని అర్థం. అంత ఉంటే చాలు.

20 నుంచి 30 నిమిషాలు నానితే సరిపోతుంది. ఎంజైములున్న పొడి అయితే గోరువెచ్చని నీటిలో గంట ఇవ్వండి. ఎంజైములు రక్తం, గంజి, కొవ్వు వంటి వాటిని ముక్కలు చేస్తాయి. దానికి సమయం కావాలి, మరీ వేడినీటిలో అవి చెడిపోతాయి. రాత్రంతా నానబెట్టడం మంచిది కాదు. వదిలిన మురికి తిరిగి బట్టకే అంటుకుంటుంది, వాసన పడుతుంది, రంగులు దిగుతాయి. తెల్లవి ముందు, లేత రంగులు తర్వాత, పనిబట్టలు చివర వేస్తే ఒకే బకెట్ నీటిని రెండు విడతలకు వాడుకోవచ్చు.

బొగ్గు మసి, రేగడి మట్టి

ఈ రెంటినీ నూనె మరకలా చూస్తే వదలవు. బొగ్గు నీటిలోనూ కరగదు, సబ్బులోనూ కరగదు. సన్నని రేణువు పోగుకు అతుక్కుని ఉంటుంది. డిటర్జెంట్ రేణువు చుట్టూ, పోగు చుట్టూ కూడా చేరి రెంటికీ రుణావేశం ఇస్తుంది. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, రేణువు నీటిలోకి పోతుంది. మంచి పొడుల్లో కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అనే పదార్థం కలుపుతారు. అది నూలు మీద పూతలా నిలిచి, వదిలిన మసి మళ్లీ అతుక్కోకుండా ఆపుతుంది. గని బట్టలకు కొంచెం ఖరీదైన పొడి కొనడానికి మా లెక్కలో ఇది గట్టి కారణం.

గట్టినీరు ఇక్కడ ఇంకో అపకారం చేస్తుంది. రేగడిలోని బంకమన్ను రేణువుకూ రుణావేశమే, తడిసిన నూలుకూ రుణావేశమే. మధ్యలో ధనావేశమున్న కాల్షియం చేరితే రెంటినీ కలిపి పట్టేస్తుంది. అందుకే రేగడి అంటిన పంచె బోరు నీటిలో ఎంత రుద్దినా గోధుమరంగు చాయ పోదు, సోడా పట్టించిన నీటిలో వేస్తే తొందరగా వదులుతుంది.

చేయాల్సిన క్రమం ఇది. బొగ్గు బట్టలను తడపకముందే ఆరుబయట గట్టిగా దులపండి, గాలికి ఎదురుగా నిలబడకండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రేగడి అయితే బురద పూర్తిగా ఎండనిచ్చి బ్రష్‌తో రాల్చేయండి. తడి బురదను రుద్దితే పోగుల్లోకి ఇంకా లోతుగా పోతుంది. మొదటి నీళ్లు పొడి లేకుండా సోడా నీళ్లే కావాలి, పది నిమిషాలు ఆడించి పారబోయండి. అందులోనే మురికిలో పెద్దభాగం పోతుంది. తర్వాత కొత్త నీరు, 40 గ్రాముల పొడి, అరగంట. గ్రీజు అంటిన చోట బట్ట పొడిగా ఉన్నప్పుడే గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి వేళ్లతో రుద్ది, పావుగంట ఆగి అప్పుడు తడపండి. నీరు ముందు తగిలితే లిక్విడ్ పలచబడి గ్రీజులోకి దిగదు. కిరసనాయిలు, పెట్రోలు పెట్టే అలవాటు మానుకోండి. ఆ బట్టలు మెషీన్‌లో వేస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

పసుపు, రక్తం, తుప్పు

పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రగా మారితే కంగారుపడక్కర్లేదు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, క్షారం కడిగేస్తే మళ్లీ పసుపుకు తిరుగుతుంది. నూనెతో కలిసి ఉంటుంది కాబట్టి ముందు లిక్విడ్‌తో నూనె తీయండి, మామూలుగా ఉతకండి, మిగిలిన చాయను ఎండకు వదిలేయండి. కర్కుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది. చంద్రపూర్ ఎండకు తెల్లబట్టను తడితడిగా పరిస్తే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు పోతుంది.

రక్తానికి చన్నీళ్లే వాడాలి. వేడికి అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి పోగును పట్టేసుకుంటాయి.

కొన్ని బోర్లలో ఇనుము ఉంటుంది. తోడగానే తేటగా ఉండి, గంటకు పసుపు గోధుమ రంగుకు మారే నీరు అలాంటిది. ఈ నీటిలో బ్లీచింగ్ పౌడర్ వేస్తే ఇనుము వెంటనే తుప్పుగా మారి తెల్లబట్టంతా గోధుమ మచ్చలు పడతాయి. ఇంకా బ్లీచింగ్ వేస్తే ఇంకా పెరుగుతాయి. అలా అయిన బట్టను ముందు బ్లీచింగ్ వాసన పూర్తిగా పోయేదాకా నాలుగైదుసార్లు మంచినీళ్లలో జాడించండి. తర్వాత లీటరు గోరువెచ్చని నీటికి 10 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట నానబెట్టండి. బ్లీచింగ్ పౌడర్‌నూ నిమ్మ ఉప్పు, వెనిగర్, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ వంటి వాటినీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులు మూసిన స్నానాలగదిలో అది ప్రాణాంతకం.

పట్టు, ఉన్ని

వీటికి సోడా వద్దు, ఎంజైముల పొడి అసలే వద్దు. పట్టూ ఉన్నీ మాంసకృత్తులతో తయారైనవే. రక్తపు మరకను కొరికే ఎంజైమే ఆ పోగునూ కొరుకుతుంది. కుంకుడుకాయే మంచిది. పది పన్నెండు కాయలు కొట్టి గింజలు తీసి, రెండు లీటర్ల నీటిలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి గుడ్డలో వడకట్టండి. మార్కెట్లో ‘రిఠా’ అంటే ఇస్తారు. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లు గట్టినీటిలో కూడా తెట్టు కట్టవు. తెల్లపట్టుకు మాత్రం లేత గోధుమ చాయ అంటవచ్చు, ముందు ఒక మూల చూసుకోండి. జరీ చీరను పిండకండి, తువ్వాలులో చుట్టి అదమండి.

4. జాడించడం

జాడింపు మూడుసార్లు. బట్టల సబ్బుతో ఉతికితే మొదటి జాడింపు కూడా సోడా పట్టిన నీటిలోనే చేయండి. నేరుగా బోరు నీళ్లలో ముంచితే పోగుల్లో మిగిలిన సబ్బు అక్కడికక్కడే తెట్టుగా మారుతుంది, ఉతుకు శ్రమంతా వృథా. డిటర్జెంట్ పొడికి ఈ బాధ తక్కువ. ప్రతి జాడింపుకు ముందు బట్టను బాగా పిండండి. పిండకుండా మూడు బకెట్లు మార్చడం కన్నా గట్టిగా పిండి రెండు బకెట్లు వాడటం మేలు. తువ్వాళ్లు, పసిపిల్లల బట్టలు బిరుసుగా వస్తుంటే చివరి బకెట్‌లో 5 గ్రాముల నిమ్మ ఉప్పు కలపండి, మిగిలిన సోడా విరిగిపోతుంది. ఆ విడతలో బ్లీచింగ్ వాడి ఉంటే ఇది చేయొద్దు.

మెషీన్ ఉన్నవాళ్లు డ్రమ్ములో పట్టించిన నీటిని సెమీ ఆటోమేటిక్‌లో పోసుకోవచ్చు. నీరు వేడిచేసే ఫ్రంట్ లోడ్ మెషీన్లలో హీటర్‌కు సున్నపు పొర కడుతుంది. కంపెనీ పుస్తకంలో అనుమతి ఉంటే, రెండు మూడు నెలలకోసారి బట్టలు లేకుండా 100 గ్రాముల నిమ్మ ఉప్పుతో 60 డిగ్రీల దగ్గర ఒక చుట్టు తిప్పండి.

వాడిన నీళ్లు ఎక్కడ పోయాలి

సోడా నీళ్లు, మొదటి ఉతుకు నీళ్లు నల్లరేగడి పెరట్లో పోయకండి. అందులోని సోడియం మట్టిలోని కాల్షియాన్ని తోసేసి దాని స్థానంలో కూర్చుంటుంది. అప్పుడు బంకరేణువులు విడిపోయి, నీరు ఇంకే సందులు మూసుకుపోతాయి. పైన నీరు నిలుస్తుంది, ఎండాక నేల రాయిలా గట్టిపడి మొక్క వేరు సాగదు. కొన్నేళ్లుగా ఉతుకు నీళ్లు పడే చోట గడ్డి కూడా సరిగా మొలవకపోవడానికి ఇదొక కారణం. వాటిని మురుగు కాలువలోకే వదలండి. డ్రమ్ము అడుగున పేరుకున్న తెల్లపొడి సున్నపురాయే, మంచినీళ్లతో ఒకసారి కడిగి పారేస్తే చాలు. మూడో జాడింపు నీళ్లలో సోడా చాలా తక్కువ ఉంటుంది కాబట్టి వాకిలి కడగడానికి, మరుగుదొడ్డికి దాచుకోండి. చెట్లకే పోయాల్సి వస్తే రోజూ ఒకే పాదులో పోయకుండా మార్చి మార్చి పోయండి.